ఊరి కళోత్సవం: శంషాబాద్‌లో వేదిక కట్టాలంటే

ఊరివాళ్లే కమిటీ వేసుకుని, చందాలు పోగుచేసి, రెండు మూడు రోజులు ఆటపాటలు జరిపించడమే చిన్న పట్నాల కళోత్సవం. తెలుగునాట దీనికి గట్టి ఒరవడి పరిషత్తు నాటకాలది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. తరవాత ఎన్నో ఊళ్లలో స్థానిక పరిషత్తులు వెలిసి, ఏటా నాటకాల పోటీలు పెడుతూ వచ్చాయి. బయటి ఊళ్ల నాటక సమాజాలకు బస, భోజనం ఆ ఊరివాళ్లే చూస్తారు. ప్రదర్శన ఖర్చులకు ఎంతో కొంత ముట్టజెబుతారు. చివరి రోజు బహుమతులు పంచుతారు. కొత్తగూడెం క్లబ్ బాలోత్సవ్ ఈ పోటీల పద్ధతినే పిల్లల కళలకు తెచ్చింది.

శంషాబాద్‌లో ఈ ఒరవడికి కొన్ని మార్పులు అవసరం. రంగారెడ్డి జిల్లాలో బెంగళూరు జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు 2008 మార్చి 23న విమానాశ్రయం మొదలయ్యాక చాలా మారింది. పొలాలున్న చోట హోటళ్లు, గోదాములు, కాలనీలు లేచాయి. పాత ఊళ్ల జనానికి తోడు ఇతర రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవాళ్లూ ఇక్కడే స్థిరపడ్డారు. ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి విగ్రహం ఉన్న ప్రాంగణం, మరోపక్క కన్హా శాంతివనం పెద్ద పెద్ద సభలకు వేదికలు. అవి ఆయా సంస్థలు నడిపే కార్యక్రమాలు. పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టే వేదికను ఊరే కట్టుకోవాలి.

కమిటీ, చందాలు

మొదటి పని సంఘం రిజిస్ట్రేషన్. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. సంఘం పేరుతో బ్యాంకు ఖాతా, వరుస నంబర్లున్న రసీదు పుస్తకాలు ఉంటే చందా అడగడం తేలికవుతుంది. డబ్బు ఇవ్వలేనివారు వస్తువుగా ఇస్తారు: ఒకరు షామియానా, ఒకరు ఒక పూట భోజనం, ఒకరు కళాకారులకు గదులు.

చుట్టూ పెద్ద కంపెనీలున్నాయి కదా అని వాటి మీదే ఆశ పెట్టుకోకూడదు. 2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత నిధులతో కళలను, సంస్కృతిని పోషించవచ్చని చెబుతుంది. అయితే కంపెనీ ఆ పనిని బయటి స్వచ్ఛంద సంస్థకు అప్పగించాలంటే, ఆ సంస్థకు సాధారణంగా మూడేళ్ల అనుభవం ఉండాలి. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఈ లెక్కలోకి రాదు. అంటే మొదటి మూడేళ్లూ వేదిక ఊరి చందాల మీదే నిలబడాలి.

తేదీ, స్థలం

ఆషాఢంలో బోనాలు, తరవాత వినాయక చవితి, బతుకమ్మ, దసరా. అప్పటిదాకా వానల భయమూ ఉంటుంది. ఫిబ్రవరి దాటితే ఇంటర్, పదో తరగతి పరీక్షలు. మిగిలిన చలికాలంలో పెళ్లి ముహూర్తాల రోజులు వస్తే టెంట్‌హౌస్‌లు, జనరేటర్లు దొరకవు. పెళ్లిళ్లు జరగని పుష్యమాసంలో, సంక్రాంతి సెలవులు తప్పించి ఒక వారాంతం ఎంచుకుంటే సామాను సులువుగా దొరుకుతుంది.

స్థలం ఎంపికలో విమానాల మోతను లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఆ వరసలో పడే మైదానంలో సంభాషణలు వినిపించవు. ఉత్తరానికో దక్షిణానికో జరిగిన స్థలం నయం. ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చే ఉందానగర్ స్టేషన్‌కు దగ్గరైతే నగరం నుంచి వచ్చేవారికీ వీలు.

కార్యక్రమం

పిల్లలు వేదిక ఎక్కితే ఇల్లిల్లూ కదిలి వస్తుంది. కాబట్టి మొదటి సాయంత్రం బడి పిల్లలకు, కోలాటానికి, బతుకమ్మ పాటలకు ఇవ్వడం మంచిది. రెండో రోజు ఒగ్గుకథ, చిందు యక్షగానం వంటివి పెట్టవచ్చు. డోలు దరువు మీద బీరప్ప, మల్లన్న కథలు చెప్పే ఒగ్గుకథ తెల్లవార్లూ సాగగలదు. వేదిక మీద గంటకో గంటన్నరకో కుదిరే ఘట్టాన్ని బృందంతో ముందే మాట్లాడుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలకు తెరలు, తీగలు, ఎత్తైన రంగస్థలం కావాలి. చిన్న షామియానా కింద వాటిని ఇరికిస్తే మాయలన్నీ పోతాయి. మూడో రోజు ఒక గంట ఇతర రాష్ట్రాలవారి పాటలకు, నృత్యాలకు కేటాయిస్తే కొత్త కాలనీల జనం ప్రేక్షకులుగానే మిగిలిపోరు.

అనుమతులు

మైదానానికి పురపాలక అధికారుల లేదా బడి యాజమాన్యం ఒప్పుదల, మైకులకు, సభకు పోలీసుల అనుమతి, తాత్కాలిక కరెంటు కనెక్షన్ తప్పనిసరి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు పనికిరావు. సాంస్కృతిక, మత ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికే ఉంది. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలాలుగా ప్రకటిస్తారు.

విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. లేజర్ కిరణాలు, ఆకాశదీపాలు పైలట్లకు ప్రమాదం కాబట్టి వాటి జోలికి పోకూడదు.

టికెట్ పెట్టకుండా ఔత్సాహిక సంఘం సొంతంగా ప్రదర్శించే నాటకానికి, పాటకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. రికార్డు చేసిన సినిమా పాటలు వేయాలంటే లైసెన్సు సంగతి చూసుకోవాలి.

లెక్కలు

కళాకారులకు ఒప్పుకున్న పారితోషికం, దారి ఖర్చులు ప్రదర్శన ముగిసిన రాత్రే చేతికివ్వాలి. వారం తిరిగేలోపు జమాఖర్చులు అచ్చువేసి చందాదారులకు పంచాలి. పద్దులు చూపించిన కమిటీకే మరుసటి ఏడు చందా అడిగే ముఖం ఉంటుంది. కంపెనీల తలుపు తట్టేనాటికి చూపించవలసిన మూడేళ్ల అనుభవానికి రుజువులూ ఆ పద్దులే.