మీకు తెలుసా? ఫాదర్ ఫెర్రర్ ఏ సభవాడో!

వానలు మొగము చాటేసి చెనిక్కాయకు అదను దాటిపోవు బెళుగుప్ప వంటి అనంతపురపు మెట్టసీమలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) యనిన నెరుగనివారు అరుదు. ఆ సంస్థకు మూలపురుషుడైన విన్సెంట్ ఫెర్రర్ పూర్వాశ్రమమున కతోలిక సన్యాసియని యెరిగినవారు మాత్రము కొలదిమందియే. ఇగ్నేషియస్ లొయోలాయు ఆతని సహచరులును పారిస్ నగరమున 1534లో పేదరిక వ్రతము పూని యొక్కటికాగా, 1540లో పోపు ఆమోదము పొందిన సోదరబృందమే యేసుసభ. బార్సిలోనాలో 1920లో జన్మించిన ఫెర్రర్ ఆ సభలో చేరి, 1952లో భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతమున బావులు త్రవ్వుకొను పేదరైతులకు అండగా నిలిచెను. అందువలన పెరిగిన ఆతని పలుకుబడి కొందరు పెద్దలకు కంటగింపు కాగా 1968లో దేశము విడువవలసివచ్చినను, మరుసటి యేడే తిరిగివచ్చి అనంతపురమున స్థిరపడెను. 1970లో సభను వీడి ఆన్ పెర్రీని వివాహమాడెను. జనులకు మాత్రము తుదివరకు ఫాదరే!

ఆర్డీటీ కట్టించిన చెక్‌డ్యాములు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి అందరెరిగినవే. పేదలకు కట్టించిన పక్కాయిండ్లను ఇల్లాలి పేరనే వ్రాయించుట వీనియన్నిటికంటె దూరదృష్టి గల పనియని నాకు తోచును. 2009లో మరణించిన ఫెర్రరును బత్తలపల్లిలోనే ఖననము చేసిరి.