నెత్తిమీదుగా వెళ్ళే ఆ చిన్న విమానం

ఐర్లండ్‌లో ఊరి శివార్లలో ఉండేవాళ్ళలో కొందరికైనా ఈ అనుభవం అయ్యే ఉంటుంది. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఓ చిన్న విమానం మరీ కిందుగా వెళుతుంది. మళ్ళీ వస్తుంది, ఈసారి కాస్త పక్కగా. పొలం దున్నుతున్నట్టు వరసలు!

అది టెల్లస్ సర్వే. 2005లో ఉత్తర ఐర్లండ్‌లో మొదలై, 2011 నుంచి సరిహద్దు కౌంటీలకూ, ఆ తర్వాత మిగతా దేశానికీ వచ్చింది. పల్లెల మీద 60 మీటర్ల ఎత్తున, 200 మీటర్లకో వరస చొప్పున ఎగురుతూ నేల అయస్కాంతాన్నీ, విద్యుత్ వాహకతనూ, గామా కిరణాలనూ కొలుస్తుంది. మన ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు హెలికాప్టర్‌తో భూగర్భ జలాలు వెతికేదీ ఇలాంటి పద్ధతిలోనే.

అయితే విమానం తెచ్చిన అంకెలను ఉన్నవున్నట్టు నమ్మడానికి లేదు. గిన్నెతో సహా తూచిన బియ్యంలోంచి గిన్నె బరువు తీసేసినట్టు, ముందు విమానం నుంచి, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల లెక్క తీసేయాలి. విమానం కాస్త పైకి లేస్తే కిరణాలు తగ్గుతాయి, దాన్నీ సరిచేయాలి. తడిసిన బోగ్ నేల కిరణాలను మింగేస్తుంది. అక్కడ అంకె తక్కువ వచ్చినంత మాత్రాన కింద రాయిలో యురేనియం లేదనుకోకూడదు.

అన్నిటికంటే చిక్కు రాడాన్‌తో. నేలలో యురేనియం ఎంతుందో దాన్నుంచి పుట్టే బిస్మత్ కిరణాలను బట్టి కడతారు. గాలిలో తేలే రాడాన్ వాయువు నుంచి పుట్టేదీ ఆ బిస్మతే. గాలి కదలని ఉదయం లోయలో రాడాన్ నిలిచిపోతే, నేలలో లేని యురేనియం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని లెక్కగట్టి తీసేస్తారు.

వాళ్ళు కాగితం మీద తీసేసే ఆ రాడాన్, నేల పగుళ్ళలోంచి మన ఇంట్లోకి వస్తే తీసేసేదెవరు? రంగూ వాసనా లేని వాయువది. ఐర్లండ్‌లో ఏటా దాదాపు 350 ఊపిరితిత్తుల క్యాన్సర్లకు దానితో సంబంధం ఉందని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. ఇళ్ళకు పెట్టిన ప్రమాణం ఘనపు మీటరుకు 200 బెకరెల్స్. 2003లో కెర్రీ కౌంటీలోని కాసిలైలండ్ దగ్గర ఒక ఇంట్లో 49,000 వచ్చింది!

ఎంత సరిచేసినా మ్యాప్ ప్రాంతం సంగతే చెబుతుంది. పక్కపక్క ఇళ్ళలోనే తేడా ఉంటుంది. ఈపీఏ మ్యాప్‌లో మా వీధి రంగు చూసి నేనూ చాలాకాలం నిశ్చింతగా ఉన్నాను, అది తప్పే. పరీక్షకు రెండు చిన్న డిటెక్టర్లు పోస్టులో వస్తాయి, ఒకటి హాల్లో, ఒకటి పడకగదిలో మూడు నెలలు ఉంచాలి. ఎక్కువొస్తే నేల కింద సంప్ తవ్వి, ఫ్యానుతో ఆ గాలిని బయటికి లాగించవచ్చు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగడానికి మొహమాటపడకండి.

మా పడకగది డిటెక్టర్ పిల్లల మంచం పక్క అరలో ఉంది. తిరిగి పంపడానికి ఇంకా ఆరు వారాలు.