ప్రవక్త ఎవరు, అబద్ధ ప్రవక్త ఎవరు: హనన్యా ఉదంతం

బైబిలులోని ప్రవక్తను మన పొరుగు భాషలు తలొక పేరుతో పిలుస్తాయి. తమిళంలో తీర్క్కదరిసి, అంటే మన దీర్ఘదర్శి. కన్నడంలో ప్రవాది, మరాఠీలో సందేష్టా. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష నేర్చిన మన విద్యార్థులు ఈ తేడాను సులువుగా పట్టగలరు. దీర్ఘదర్శి జరగబోయేది చూసేవాడు; సందేష్టా కబురు చెప్పేవాడు. తెలుగు ప్రవక్త రెండోవాడికే దగ్గర. అయినా వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం వింటూ పెరిగినవాళ్లం కనుక, చెప్పింది జరిగిందా అనే మనం మొదట అడుగుతాం.

ఆ ప్రశ్న బైబిలులోనూ ఉంది. చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదంటుంది ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం. జరిగినా సరే, అన్యదేవతల వెంట రమ్మనేవాణ్ణి వినవద్దంటుంది 13వ అధ్యాయం. మొదటి పరీక్షతో ఇబ్బంది ఏమిటంటే, ఫలితం తేలేదాకా ఆగాలి. వినేవాడేమో ఇవాళే తేల్చుకోవాలి.

యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. కాలం క్రీ.పూ. 594 ప్రాంతం. బబులోను రాజు నెబుకద్నెజరు అప్పటికే యూదా రాజును, ఎందరో ప్రజలను చెరపట్టి, దేవాలయపు పాత్రలను పట్టుకుపోయాడు. బబులోనుకు లొంగి ఉండమని చెబుతూ యిర్మీయా మెడమీద కాడి పెట్టుకుని తిరుగుతున్నాడు. హనన్యా దేవాలయంలో అందరి ఎదుటా లేచి, రెండేళ్లలో పాత్రలూ చెరలోని మనుషులూ తిరిగి వస్తారన్నాడు. భాషాశాస్త్రం చదివిన మాకు మొదట కనబడేది వారి మాటతీరు. ఇద్దరూ ఒకే దేవుని పేర, ఒకే రకం వాక్యంతో మొదలుపెట్టారు. పైగా హనన్యా మాటకు పాత ఆధారం ఉంది. క్రీ.పూ. 701లో అష్షూరు సేన వచ్చినప్పుడు యెరూషలేము దక్కుతుందని యెషయా చెప్పాడు, దక్కింది కూడా.

యిర్మీయా ముందుగా ఆమేన్ అన్నాడు. అలాగే జరగాలని కోరాడు. పూర్వ ప్రవక్తలు యుద్ధాన్ని, కీడును చెప్పారనీ, క్షేమం పలికేవాడిని మాత్రం ఆ మాట నెరవేరాకే గుర్తించగలమనీ గుర్తుచేశాడు. హనన్యా ఆ కాడిని తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా బదులు చెప్పకుండా తన దారిన వెళ్లిపోయాడు. ఈ అధ్యాయమంతటిలో మాకు ముఖ్యమనిపించేది ఆ మౌనమే. కొయ్యకాడికి బదులు ఇనుపకాడి వస్తుందన్న మాట తనకు అందాకే అతడు తిరిగి వచ్చాడు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. క్రీ.పూ. 587లో, కొందరి లెక్కలో 586లో, నగరం కూలింది.

ఇందులో అనువాదానికి సంబంధించిన సంగతి ఒకటుంది. హీబ్రూ మూలం హనన్యాను ‘నాబీ’ అంటుంది, అంటే ప్రవక్త. తెలుగు బైబిలూ అంతే. క్రీస్తుకు ముందే వెలువడిన గ్రీకు అనువాదం మాత్రం అతణ్ణి మొదటి వాక్యంలోనే అబద్ధ ప్రవక్త అనేసింది. చదివేవారికి పని సులువైంది గాని, ఆనాడు దేవాలయంలో నిలబడి విన్నవారికి అలా ముందుగా ఎవరూ చెప్పలేదు.

క్రొత్త నిబంధనలోనూ భారం వినేవారిదే. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్లను ఫలాలను బట్టి గుర్తించాలని మత్తయి సువార్త 7వ అధ్యాయం. ఇక్కడ ఫలమంటే అద్భుతం కాదు. యేసు పేరిట ప్రవచించి, అద్భుతాలు చేశామని చెప్పుకునేవారిని ఆయన ఎరుగనంటాడని అదే అధ్యాయంలో ఉంది. ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడాక తక్కినవారు వివేచించాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు.

తొలి సంఘాలు దీన్ని ఎంత ఇంటిపట్టు వ్యవహారంగా చూశాయో ‘డిడకే’ అనే చిన్న గ్రీకు పుస్తకం చెబుతుంది. ఇది 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికి 1883లో అచ్చయింది. వచ్చిన అపొస్తలుడు ఒకరోజు, అవసరమైతే రెండోరోజు ఉండవచ్చు. మూడోరోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. తాను బోధించింది తానే చేయనివాడూ అంతే. ఆత్మావేశంలో భోజనం సిద్ధం చేయమని చెప్పి, దాన్ని తానే తినేవాడూ అంతే. డబ్బడిగితే వినవద్దు. లేనివారి కోసం అడిగితే మాత్రం ఎవరూ అతణ్ణి తప్పుపట్టకూడదు.