షుగర్ ఉన్నవారు సైకిల్ తొక్కేటప్పుడు

పొలాల మధ్య ప్రశాంతమైన దారిలో సైకిల్ తొక్కడం షుగర్ వ్యాధి ఉన్నవారికి మంచి వ్యాయామం. మోకాళ్లపై బరువు అంతగా పడదు. రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు చాలు.

అయితే మిట్ట ఎక్కేటప్పుడు తొడ కండరాలు రక్తంలోని చక్కెరను వేగంగా వాడుకుంటాయి. తొడకు ఇన్సులిన్ వేసుకుని వెంటనే తొక్కితే మందు త్వరగా రక్తంలో కలిసి షుగర్ పడిపోవచ్చు. ఆ పూట పొట్టకు వేసుకోవడం మేలు. పరగడుపున బయలుదేరకండి. మనుషులు తిరగని దారిలో ఒంటరిగా వెళ్లకండి. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే దిగి 3 చెంచాల చక్కెర తినండి. 15 నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే మళ్లీ తినండి.

మొదలుపెట్టేముందు డాక్టరుగారిని అడగండి. దేవుడిచ్చిన దేహాన్ని శ్రద్ధగా కాపాడుకుందాం.