అపహరణము

పసిబిడ్డ చేతి పలకను లాగికొన్నవానిని దొంగ యందుము. ఆ పసిబిడ్డనే యెత్తికొనిపోయినవాని నేమనవలెను? మనుష్యుని మనుష్యుఁడు దొంగిలించుటయే యపహరణము. దీని స్వరూపము మన బాలబాలికలకుఁ దెలిసియుండుట మేలని తలఁచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట న్యాయశాస్త్ర మేమనుచున్నదో చూతము. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షను ప్రకారము, 18 ఏండ్లు నిండని బిడ్డను సంరక్షకుల యనుమతి లేక తీసికొనిపోవుట నేరము. దీనికి ఏడేండ్లవఱకు ఖైదు, జరిమానా కలవు. బిడ్డ తానై సమ్మతించి వెంట నడచినను నేరము నేరమే; ఏలయనఁగా పసివారి సమ్మతిని చట్టము సమ్మతిగా నెంచదు. ఇఁక 138వ సెక్షను వయస్సుతో నిమిత్తము లేనిది. ఎవరినైనను బలముచేఁ గాని మోసముచేఁ గాని యొకచోటునుండి కదలించుట యందుఁ జెప్పఁబడినది. ధనమునకై యొకనిని పట్టి యుంచి చంపెదనని బెదరించువానికి యావజ్జీవ కారాగారము గాని మరణదండనము గాని విధింపవచ్చును.

బలము, మోసము అను నీ రెండును రామాయణమునఁ గానవచ్చుచున్నవి. రావణుఁడు సన్న్యాసి వేషమున వచ్చుట మోసము. సీతను రథముపై నెత్తికొనిపోవుట బలము. యుద్ధము ముగిసి చెఱ వీడిన పిదపఁ గూడ పరీక్ష కగ్నిలోఁ జొచ్చినది సీతయే గదా! తప్పొకరిది, నింద యొకరిది.

ఇది పురాణముతోఁ బోలేదు. 1947లో దేశవిభజన కాలమున పంజాబునందు వేలకొలఁది స్త్రీలు ఇరువైపులను అపహరింపఁబడిరి. వారిని వెదకి తెచ్చుటకు మన ప్రభుత్వము 1949లో నొక చట్టము చేసెను. ఉభయ దేశములయందును గలిసి సుమారు 30,000 మంది తిరిగి పంపఁబడిరి. ఎందఱికో యది విమోచనము. కాని "నీకుఁ బోవ నిష్టమా?" యని యా స్త్రీ నడుగవలెనను నియమ మా చట్టమున లేదు. బిడ్డ సమ్మతిని లెక్కింపకుండుట రక్షణము. ఎదిగిన స్త్రీ నిరాకరణమును లెక్కింపకుండుట మఱియొక యపహరణము వంటిది. తిరిగి వచ్చినవారిలోఁ గొందఱికి కన్నవారి తలుపులే మూయఁబడినవి. అమృతా ప్రీతమ్ గారు 1950లో వెలువరించిన 'పింజర్' అను పంజాబీ నవలలో పూరో యను కన్య యెట్లో తప్పించుకొని యిల్లు చేరఁగా, తల్లిదండ్రు లామెను చేర్చుకొనరు. ఎత్తుకొనిపోయినవాని చెఱకంటె నా గుమ్మమే క్రూరమని చదువరికిఁ దోఁచును.

విద్యార్థులారా! అపహర్త యెల్లప్పుడు కత్తితో రాఁడు. "మీ నాయనగారు పిలుచుచున్నారు, రమ్ము" అని తీయగాఁ బలుకుచు రావచ్చును. ఇంటివారినో యుపాధ్యాయులనో యడుగక యడుగు కదపకుఁడు. తల్లిదండ్రులారా! ఆపద దాఁటి వచ్చిన బిడ్డను "ఎందుకుఁ బోతివి?" అని మొదట నడుగకుఁడు. అన్నము పెట్టి, అక్కునఁ జేర్చుకొనుఁడు. దొంగిలింపఁబడుట దోషము కాదు; దొంగిలించుటయే దోషము.