బెంగ, మాట, చికిత్స: ఉద్దానం నేపథ్యంలో ఫ్రాయిడ్ భావనల పరిశీలన

ఆధునిక మానసిక చికిత్సకు ఆధారం మాట. బ్రాయర్ వద్ద చికిత్స పొందిన ‘అన్నా ఓ’ ఆ పద్ధతిని ‘మాటల చికిత్స’ అన్నది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన గ్రంథంతో ఆ పేరు స్థిరపడింది.

1917 నాటి వ్యాసంలో ఫ్రాయిడ్ శోకానికీ విషాదవ్యాధికీ భేదం చూపారు. శోకంలో లోకం శూన్యమవుతుంది. విషాదవ్యాధిలో మనిషి తనకు తానే శూన్యంగా తోచి, తనను తాను నిందించుకుంటాడు. పోయినది మనిషే కానక్కరలేదని, దేశం, ఆదర్శం వంటిదైనా కావచ్చునని కూడా ఆయన గుర్తించారు.

ఉద్దానానికి ఈ చివరి అంశమే ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి. తాత నాటిన కొబ్బరి మనుమడికీ కాస్తుంది. కనుక చెట్టు పోవడమంటే రాబడి పోవడం మాత్రమే కాదు, ఇంట్లో ఒక తరం పోవడం. నష్టపరిహారం చెట్లను లెక్కిస్తుంది. ఈ రెండో నష్టానికి దాని పట్టికలో గడి లేదు.

దీనికి తోడు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనా, వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. కారణం తెలియని వ్యాధిలో నిందకు బయట లక్ష్యం దొరకదు. అది లోపలికే తిరగవచ్చు.

తెలుగులో ‘బెంగ’ ఆ రెండు స్థితులనూ కలిపి పట్టుకుంటుంది. ‘డిప్రెషన్’ అంటే ముఖం తిప్పుకొనే కుటుంబం కూడా ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటే ఒప్పుకుంటుంది. సలహా చెప్పడం కన్న వినడానికి ప్రాధాన్యమిస్తూ కార్ల్ రోజర్స్ 1942లో ప్రతిపాదించిన పద్ధతి ఇక్కడ ఈ పదంతోనే మొదలుకావచ్చు. అయితే బెంగ ఎక్కడ ఆత్మనిందగా మారుతున్నదో ఆ పదం చెప్పదు. అది గుర్తించడానికి శిక్షణ పొందినవారు కావాలి.