పెద్ద బొమ్మ టీవీ: కొనుగోలుకంటే పోషణే బరువు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో రామమందిరం దగ్గర నలుగురూ చూసేందుకు చందాలతో పాత ప్రొజెక్షన్ టీవీ కొనదలచిన గ్రామస్థులు ఒక సంగతి గమనించాలి. దీపంతో పనిచేసే సెట్లలో, కొన్ని వేల గంటలు వెలిగాక కాంతి తగ్గి బొమ్మ మసకబారుతుంది. కొత్త దీపం వేయక తప్పదు. గాలి జల్లెడకు దుమ్ము పట్టినా, కరెంటు ఉన్నట్టుండి పోయి ఫ్యాను ఆగినా, వేడికి దీపం ముందే పాడవుతుంది.

ఈ సెట్ల తయారీ మానుకుంటున్నట్లు సోనీ 2007లో ప్రకటించింది. 2012లో మిత్సుబిషి కూడా తప్పుకుంది. అందుచేత సెట్టు చవకగా వచ్చినా దీపం దొరకడం కష్టం. ఏనుగును కొనేవారు మేతకూ లెక్క చూసుకోవాలి. బేరానికి ముందే దీపం ధర, దొరికే చోటు విచారించి, చందాలో కొంత అందుకు దాచడం మేలు.